జాక్ రేనాల్డ్స్: ఐర్లండ్‌కు ఐదు మ్యాచ్‌లు, ఇంగ్లండ్‌కు ఎనిమిది

కాలరేఖ రాశారు:

ఫుట్‌బాల్ ఆటగాడు డెక్లన్ రైస్ ఐర్లండ్‌ను వదిలి ఇంగ్లండ్‌కు ఆడటం మీద ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. ఇలాంటిది మునుపెన్నడూ జరగలేదన్నట్టు కొందరు మిత్రులు రాశారు. జరిగింది. నూట ముప్ఫై ఏళ్ల కిందటే జరిగింది. ఆ మనిషి పేరు జాన్ రేనాల్డ్స్. అందరూ జాక్ అనేవారు. కొన్నాళ్లుగా ఆయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఆయన కోసం ఒక చర్చ ఉండాలనిపించి మొదలుపెడుతున్నాను.

రేనాల్డ్స్ 1869 ఫిబ్రవరి 21న ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పుట్టాడు. నూలు మిల్లుల ఊరు అది. బాల్యం ఐర్లండ్‌లో గడిచింది. తర్వాత ఈస్ట్ లాంకషైర్ రెజిమెంట్‌లో సిపాయిగా చేరితే, సైన్యం అతన్ని మళ్లీ ఐర్లండ్‌కే పంపింది. అక్కడ బెల్‌ఫాస్ట్‌లో మొదట డిస్టిలరీ జట్టుకు, ఆ తర్వాత అల్‌స్టర్ జట్టుకు ఆడాడు. ఆట చూసిన ఐర్లండ్ సెలెక్టర్లు 1890లో జాతీయ జట్టులోకి తీసుకున్నారు. ఆ ఏడాదీ 1891లోనూ కలిపి ఐదు మ్యాచ్‌లు ఆడాడు.

ఆ ఐదింటిలో ఒకటి 1890 మార్చి 15న బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్‌తో జరిగింది. ఐర్లండ్ 9-1తో చిత్తుగా ఓడింది. ఆ ఒక్క గోలు రేనాల్డ్స్‌ది.

1891లో ఇంగ్లండ్ క్లబ్బు వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌లో చేరాడు. అప్పుడు బయటపడింది, ఇతను పుట్టింది బ్లాక్‌బర్న్‌లో అని. అంటే జన్మస్థలం ప్రకారం ఇంగ్లండ్‌కు ఆడవచ్చు. 1892 ఏప్రిల్ 2న గ్లాస్గోలో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ తరఫున మైదానంలోకి దిగాడు. 1897 దాకా మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు ఆడి, మూడు గోల్స్ చేశాడు. సెల్ఫ్ గోల్స్ వదిలేస్తే, ఇంగ్లండ్ మీదా ఇంగ్లండ్ తరఫునా గోలు చేసిన ఆటగాడు ఇతనొక్కడేనని ఫుట్‌బాల్ చరిత్రకారులు చెబుతారు.

ఇంత చరిత్ర ఉన్న మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

---

ఎడమ పాదం రాశారు:

కాలరేఖ గారూ, మంచి విషయం తీసుకువచ్చారు. నాకు ఈ పేరు తెలియదు. కానీ మీరు రాసిన తీరులో ఆయన మీద కొంత ప్రేమ కనిపిస్తోంది కనుక, ఎదుటి పక్షం వాదన నేను చెబుతాను.

ఐదుసార్లు ఒక దేశం చొక్కా తొడుక్కున్నాడు. ఆ దేశం తరఫున ఇంగ్లండ్ మీద గోలు కూడా కొట్టాడు. తొమ్మిది గోల్స్ తిన్న రోజు ఆ ఒక్క గోలు బెల్‌ఫాస్ట్ జనానికి ఎంత ఊరట అయి ఉంటుంది! అలాంటి మనిషి ఏడాది తిరిగేసరికి అవతలి జట్టులో కనిపిస్తే ఆ జనం ఏమనుకోవాలి? పుట్టిన ఊరి కాగితం ముందు నుంచీ ఉన్నదే కదా. బలమైన జట్టు పిలిచినప్పుడే అది గుర్తుకు రావడం నాకు నచ్చలేదు. ఐర్లండ్ గెలుస్తూ ఉండి, ఇంగ్లండ్ ఓడుతూ ఉంటే ఆ కాగితం బయటికి వచ్చేదా?

రైస్ విషయంలోనూ నాది ఇదే మాట. ఐర్లండ్‌కు మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి, 2019లో ఇంగ్లండ్‌కు మారాడు. 2024 సెప్టెంబర్‌లో డబ్లిన్‌లో ఐర్లండ్ మీదే గోలు కొట్టాడు. సంబరం చేసుకోలేదు, ఆ మర్యాద పాటించాడు. అయినా ఆ స్టేడియంలో కూర్చున్నవాళ్ల గుండె ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను.

---

రాజమహేంద్రి రాశారు:

ఎడమ పాదం గారి ఆవేదన అర్థమైంది. కానీ రైస్ కాలాన్నీ రేనాల్డ్స్ కాలాన్నీ ఒకే తూకంలో వేయకూడదు. నేను చట్టం చదువుకున్న మనిషిని, అందుకే మొదట ఈ చిక్కు విప్పాలనిపిస్తోంది.

1801 నుంచి 1922 వరకు ఐర్లండ్ మొత్తం బ్రిటన్‌తో కలిసి ఒకే రాజ్యం. రేనాల్డ్స్ ఆడిన రోజుల్లో బెల్‌ఫాస్ట్‌లో ఉన్నవాడూ బ్లాక్‌బర్న్‌లో ఉన్నవాడూ ఒకే రాణి ప్రజలు. ఇద్దరికీ వేర్వేరు పౌరసత్వాలు లేవు. కాబట్టి ఇతను వదులుకున్న దేశమూ లేదు, కొత్తగా పుచ్చుకున్న దేశమూ లేదు. మరి ఈ రెండు జట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఫుట్‌బాల్ సంఘాలు సృష్టించినవి. ఐర్లండ్ సంఘం 1880లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ నాలుగూ ఏటా తలపడే పోటీ 1883-84లో మొదలైంది. ఫిఫా పుట్టిందే 1904లో. ఒక ఆటగాడు ఒకే దేశానికి ఆడాలన్న గట్టి నిబంధన 1960ల దాకా లేదు. 2020లో దాన్నీ కొంత సడలించారు.

నియమం లేని కాలంలో నియమం తప్పాడని ఒకరిని నిందించలేం కదా.

మరొక సంగతి. ఇలా రెండు జట్లకు ఆడినవాళ్లలో ఇతను మొదటివాడు కాడు. జాన్ హాలీ ఎడ్వర్డ్స్ అనే ఆయన ఉన్నాడు. ష్రూస్‌బరీలో పుట్టిన న్యాయవాది. 1874లో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కు ఆడాడు. 1876 మార్చిలో వాండరర్స్ జట్టు ఎఫ్.ఎ. కప్పు (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఫైనల్ మొదట సమంగా ముగిస్తే మళ్లీ ఆడారు, ఆ రెండో మ్యాచ్ మార్చి 18న. సరిగ్గా వారం తర్వాత, మార్చి 25న, వేల్స్ తన చరిత్రలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ గ్లాస్గోలో ఆడితే ఆ జట్టులోనూ ఉన్నాడు! ఒక వారం ఇంగ్లండ్ కప్పు చేతిలో, మరో వారం వేల్స్ చొక్కా ఒంటి మీద. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ష్రూస్‌బరీ వేల్స్ సరిహద్దు ప్రాంతపు ఊరు, వేల్స్ ఫుట్‌బాల్ సంఘాన్ని మొదలుపెట్టిన మిత్రులు ఆయనకు తెలిసినవాళ్లు. అంతే.

---

విశ్రాంత హవల్దార్ రాశారు:

నమస్కారం. నేను ఎక్కువ రాసేవాడిని కాను. ఇతను సిపాయి అని చదివి ఆగలేకపోయాను.

మాది శ్రీకాకుళం జిల్లా. ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేశాను. మా యూనిట్ జట్టుకు ఆడుతుంటే సర్వీసెస్ జట్టు ఎంపికకు పంపారు. సంతోష్ ట్రోఫీలో సర్వీసెస్ తరఫున ఆంధ్రప్రదేశ్ మీదే ఆడవలసి వచ్చింది. ఎదురుగా నిలబడిన వింగర్ మా పక్క మండలం కుర్రవాడు. ఆట ముగిశాక ఇద్దరం కూర్చుని మా ఊరి సంగతులు మాట్లాడుకున్నాం. ద్రోహం అనే మాట మాకు తట్టనే లేదు. సైనికుడు ఏ ఊళ్లో ఉండాలో, ఏ జట్టుకు ఆడాలో అతని చేతిలో ఉండదు. పోస్టింగ్ ఎక్కడ పడితే అదే ఊరు.

ఈ రేనాల్డ్స్ కూడా తనంతట తాను ఐర్లండ్ ఎంచుకోలేదు. రెజిమెంట్ పంపింది. అక్కడి క్లబ్బు పిలిచింది. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యం ఎక్కడికి పోతే అక్కడికి ఫుట్‌బాల్ వెంట వెళ్లింది. మన దేశంలో డ్యూరాండ్ కప్పు సిమ్లాలో మొదలైంది 1888లో. మొదటి ఏడాది గెలిచింది రాయల్ స్కాట్స్ ఫ్యుసిలియర్స్. అంటే రేనాల్డ్స్ బెల్‌ఫాస్ట్‌లో ఆడుతున్న రోజుల్లోనే అతనిలాంటి సిపాయిలు మన కొండల మీద ఆడుతున్నారు. వేరే రెజిమెంట్‌లో చేరి ఉంటే అతని జీవితం సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో గడిచేదేమో.

---

ఎడమ పాదం రాశారు:

హవల్దార్ గారూ, మీ మాటకు గౌరవం ఇస్తున్నాను. కానీ ఐర్లండ్ వెళ్లడం అతని చేతిలో లేకపోయినా, ఇంగ్లండ్ పిలిచినప్పుడు ఒప్పుకోవడం అతని చేతిలోనే ఉంది కదా? నా ప్రశ్న అక్కడే ఆగింది.

---

కాలరేఖ రాశారు:

అక్కడే అసలు విషయం ఉంది, ఎడమ పాదం గారూ. మొదటి టపాలో రాయకుండా వదిలేసినందుకు క్షమించండి. ఈ చర్చ మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే.

రేనాల్డ్స్ వెస్ట్ బ్రామ్‌విచ్‌కు వచ్చిన రోజునే ఐర్లండ్ తలుపు మూసుకుపోయింది. ఎందుకంటే ఆ కాలంలో ఐర్లండ్ సంఘం తన గడ్డ మీద ఆడేవాళ్లనే జట్టులోకి తీసుకునేది. ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్లిపోయినవాళ్లను పిలిచేది కాదు. ఆ పద్ధతి మారింది 1899లో. స్కాట్లండ్‌దీ అదే ధోరణి. ఇంగ్లండ్‌లో జీతానికి ఆడే స్కాట్లండ్ ఆటగాళ్లను 1896 దాకా జాతీయ జట్టుకు దూరంగా ఉంచింది.

ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడటం 1885 నుంచే చట్టబద్ధం. పక్క దేశాలు ఇంకా దాన్ని తప్పుగా చూస్తున్న రోజులవి. కాబట్టి బెల్‌ఫాస్ట్‌లో ఆడుతున్న ఒక పేద ఆటగాడి ముందు ఉన్నవి రెండే దారులు. ఆటనే బతుకుతెరువు చేసుకోవాలంటే ఇంగ్లండ్ వెళ్లాలి. వెళితే ఐర్లండ్ చొక్కా వదులుకోవాలి.

అతను బతుకుతెరువు ఎంచుకున్నాడు. ఇంగ్లండ్ పిలుపు వచ్చింది ఆ తర్వాత. అప్పటికి అతను ఐర్లండ్ సెలెక్టర్ల లెక్కలోనే లేడు. ఒక ఇల్లు వదిలి మరో ఇంటికి వెళ్లినట్టు మనం ఊహించుకుంటున్నాం, కానీ మొదటి ఇంటి తలుపు వెనకాల గడియ పడ్డాకే రెండో తలుపు తెరుచుకుంది. వీధిలో నిలబడి ఉండాల్సిందని అతన్ని అడగగలమా?

దీనికి అద్దం పట్టే ఉదాహరణ గూడాల్ సోదరులది. తండ్రి సైనికుడు, తల్లిదండ్రులు ఇద్దరూ స్కాట్లండ్ వాళ్లు. అన్న జాన్ గూడాల్ లండన్‌లో పుట్టాడు, తమ్ముడు ఆర్చీ బెల్‌ఫాస్ట్‌లో. పెరిగింది ఇద్దరూ స్కాట్లండ్‌లోని కిల్‌మార్నాక్‌లోనే. అన్న ఇంగ్లండ్‌కు పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. తమ్ముడు నిబంధన మారిన 1899లో ఐర్లండ్ జట్టులోకి వచ్చి పది మ్యాచ్‌లు ఆడాడు. స్కాట్లండ్‌లో పెరిగిన స్కాట్లండ్ పిల్లలు, ఆ దేశానికి ఒక్కరూ ఆడలేదు! తండ్రి పోస్టింగ్ ఎక్కడ పడిందో దాన్ని బట్టి ఇద్దరి దేశాలు తేలాయి.

---

ఎడమ పాదం రాశారు:

ఈ 1899 సంగతి నాకు తెలియదు. ఇది తెలిసి ఉంటే నా మొదటి టపా అంత కరకుగా రాసేవాడిని కాదు. నేను నిందించవలసింది ఆటగాడిని కాదు, బయటికి వెళ్లినవాడు మనవాడు కాదన్న సంఘాన్ని.

అయితే బెల్‌ఫాస్ట్ ప్రేక్షకుడి బాధ మాత్రం బాధే. దాన్ని ఏ నిబంధనా తగ్గించదు. ఈ మాట మీద నిలబడతాను.

---

ఆస్టన్ వీధి రాశారు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, పద్నాలుగేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. మా ఇంటి నుంచి విల్లా పార్క్ నడిచి వెళ్లేంత దూరం. కనుక ఈ చర్చలో నేను మాట్లాడకపోతే తప్పు అవుతుంది. మీరందరూ దేశాల దగ్గరే ఆగిపోయారు, కానీ ఈ మనిషి అసలు గొప్పతనం క్లబ్బు ఆటలో ఉంది.

1892 మార్చి 19న ఎఫ్.ఎ. కప్పు ఫైనల్ లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగింది. అవును, మన క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన ఆ ఓవలే. వెస్ట్ బ్రామ్‌విచ్ 3-0తో ఆస్టన్ విల్లాను ఓడించింది. మూడో గోలు రేనాల్డ్స్‌ది. కాలరేఖ గారు చెప్పిన ఇంగ్లండ్ మొదటి మ్యాచ్ సరిగ్గా రెండు వారాల తర్వాత.

మరుసటి ఏడాది, 1893లో, ఓడిన ఆ ఆస్టన్ విల్లాలోనే చేరాడు. వెస్ట్ బ్రామ్‌విచ్, ఆస్టన్ ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండు క్లబ్బుల మధ్య పగ ఎంతటిదో ఇక్కడ ఉంటేనే తెలుస్తుంది. ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్‌కు మారడం కంటే ఆల్బియన్ నుంచి విల్లాకు మారడమే ఇక్కడివాళ్లకు పెద్ద విషయం!

విల్లాలో అతని స్థానం రైట్ హాఫ్. ఆ రోజుల్లో ఫార్వర్డ్‌లు ఐదుగురు ఉండేవారు. వాళ్ల వెనక ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు. దాడికి బంతి అందించేదీ, ఎదుటివాళ్ల దాడిని ఆపేదీ ఆ ముగ్గురే. జట్టుకు వెన్నెముక వాళ్లు. విల్లాలో కుడివైపు రేనాల్డ్స్, మధ్యలో జేమ్స్ కవన్, ఎడమవైపు జిమ్మీ క్రాబ్‌ట్రీ. ఆ వరుసను ఇక్కడి పాత అభిమానుల కుటుంబాలు ఇప్పటికీ తలుచుకుంటాయి. 1893-94, 1895-96, 1896-97, మూడుసార్లు లీగ్ గెలిచారు. 1895లో కప్పు గెలిచారు, అదీ వెస్ట్ బ్రామ్‌విచ్ మీదే, 1-0తో. 1897 ఏప్రిల్ 10న క్రిస్టల్ ప్యాలెస్‌లో ఎవర్టన్‌ను 3-2తో ఓడించి మళ్లీ కప్పు గెలిచారు. ఒకే ఏడాది లీగూ కప్పూ రెండూ. విల్లాకు ముందు అది సాధించింది ప్రెస్టన్ ఒక్కటే, 1888-89లో. విల్లా తర్వాత మళ్లీ ఎవరైనా చేయడానికి 1961 దాకా పట్టింది.

ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. 1895లో గెలిచిన కప్పును బర్మింగ్‌హామ్‌లో ఒక బూట్ల దుకాణం అద్దాల బీరువాలో ప్రదర్శనకు పెట్టారు. సెప్టెంబర్ 11 రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు. ఈనాటికీ దొరకలేదు. రేనాల్డ్స్ రెండుసార్లు, 1892లో ఒక క్లబ్బుతో, 1895లో మరో క్లబ్బుతో గెలిచింది ఆ పోయిన కప్పునే. 1897లో గెలిచింది దాని నకలు. ఆ నకలు తయారుచేసింది హోవర్డ్ వాటన్ అనే మాజీ విల్లా ఆటగాడి సంస్థ. ఈ వాటన్ ఎవరో తెలుసా? 1882లో బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్, ఐర్లండ్ మొదటిసారి తలపడినప్పుడు ఇంగ్లండ్ 13-0తో గెలిచింది. అందులో ఐదు గోల్స్ కొట్టినవాడు!

---

మైదానం రాశారు:

ఆస్టన్ వీధి గారూ, ఈ కప్పు దొంగతనం సంగతి మొదటిసారి వింటున్నాను. ధన్యవాదాలు.

నాకొక సందేహం. మనకు క్రికెట్‌లో పెద్ద పటౌడీ నవాబు ఉన్నారు కదా, ఇఫ్తికార్ అలీ ఖాన్. 1932లో ఇంగ్లండ్ తరఫున సిడ్నీలో మొదటి టెస్టులోనే శతకం కొట్టి, 1946లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. దేశ విభజన తర్వాత అమీర్ ఇలాహీ, గుల్ మహమ్మద్, కర్దార్ భారత్‌కూ పాకిస్తాన్‌కూ ఆడారు. వాళ్లను మనం ద్రోహులు అనలేదు. పటౌడీనైతే నెత్తిన పెట్టుకున్నాం. ఫుట్‌బాల్ దగ్గరే ఎందుకు ఇంత కోపం?

---

రాజమహేంద్రి రాశారు:

మంచి ప్రశ్న. కర్దార్ వంటివారి విషయంలో దేశమే రెండుగా చీలింది, ఆటగాడు ఉన్నచోటనే ఉన్నాడు. పటౌడీ మన వైపు వచ్చినవారు. వచ్చినవారి మీద ఎవరికీ కోపం ఉండదు, వెళ్లినవారి మీదే. ఇంగ్లండ్‌లో కూడా రేనాల్డ్స్‌ను ఎవరూ తప్పుపట్టలేదు మరి.

ఇలా వెళ్లిన ఇంకొకరి పేరు చెప్పాలి. రాబర్ట్ ఎవాన్స్. 1906 నుంచి 1910 వరకు వేల్స్‌కు పది మ్యాచ్‌లు ఆడాడు, ఇంగ్లండ్‌తో జరిగినవీ అందులో ఉన్నాయి. తర్వాత పుట్టింది చెస్టర్‌లో అని తేలింది. అది సరిహద్దుకు ఇవతల, ఇంగ్లండ్‌లో ఉన్న ఊరు. 1911, 1912లలో ఇంగ్లండ్‌కు నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. 1915లో షెఫీల్డ్ యునైటెడ్ కప్పు గెలిచినప్పుడు లెఫ్ట్ వింగ్‌లో ఉన్నది ఇతనే. కథ అచ్చంగా రేనాల్డ్స్ కథే. పుట్టుక కాగితం ఆటగాడికంటే ఆలస్యంగా మైదానంలోకి వచ్చింది.

వీటన్నిటికంటే నాకు గుబులు పుట్టించేది లూయిస్ మోంటీ ఉదంతం. 1930లో మొదటి ప్రపంచకప్పు ఫైనల్ అర్జెంటీనాకు ఆడి ఓడాడు. 1934 ఫైనల్ ఇటలీకి ఆడి గెలిచాడు. రెండు ప్రపంచకప్పు ఫైనల్స్ రెండు దేశాలకు ఆడిన మరో మనిషి లేడు. అక్కడ నిజంగానే రెండు రాజ్యాలు, రెండు పౌరసత్వాలు, పైగా ఒకవైపు ముస్సోలినీ ప్రభుత్వం. రేనాల్డ్స్ మీద అలాంటి నీడ ఏదీ లేదు.

---

కాలరేఖ రాశారు:

మోంటీ గురించి విడిగా ఒక చర్చ పెట్టండి, రాజమహేంద్రి గారూ. నేను తప్పక వస్తాను. ఆయనను ఇక్కడికి తెస్తే రేనాల్డ్స్ మళ్లీ మరుగున పడిపోతాడు, ఆ పని చరిత్ర ఇప్పటికే చేసింది.

1897 తర్వాత సంగతి క్లుప్తంగా రాస్తాను. విల్లా వదిలి గ్లాస్గోలోని సెల్టిక్‌కు వెళ్లాడు. 1897-98లో సెల్టిక్ స్కాట్లండ్ లీగ్ గెలిచింది. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. సౌతాంప్టన్, బ్రిస్టల్ అంటూ క్లబ్బులు మారాడు. తర్వాత న్యూజిలాండ్ వెళ్లి కొంతకాలం శిక్షణ ఇచ్చాడు. తిరిగివచ్చాక కార్డిఫ్‌లో కూడా కోచ్‌గా పనిచేశాడు. చివరికి షెఫీల్డ్ చేరి బొగ్గు గనిలో కూలికి కుదిరాడు. 1917 మార్చి 12న అక్కడే చనిపోయాడు. వయసు 48.

మూడు లీగ్ పతకాలు, మూడు కప్పు పతకాలు, రెండు దేశాల టోపీలు. ఆ కాలంలో జాతీయ జట్టుకు ఆడినవాళ్లకు నిజంగానే టోపీ ఇచ్చేవారు. ఇవన్నీ ఉన్న మనిషి చివరి రోజులు గనిలో గడిచాయి.

---

నల్ల బంగారం రాశారు:

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఆటల గురించి నాకు అంతగా తెలియదు. చివరి టపా చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్న గోదావరిఖనిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు భూగర్భ గనిలో పనిచేశారు. మా దగ్గర బొగ్గుబాయి అంటాం. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే టిఫిన్ డబ్బా, నెత్తిన దీపం ఉన్న టోపీతో బయలుదేరేవారు. ఆ టోపీ ఇప్పటికీ మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. కాలరేఖ గారు ‘టోపీలు’ అని రాయగానే నాకు అదే కళ్ల ముందు మెదిలింది.

నలభై దాటిన మనిషి గనిలో పనికి చేరడం అంటే ఏమిటో చెబుతాను. కుర్రతనంలో చేరినవాడి శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. వంగి నడవడం, తడిలో నిలబడటం, దుమ్ములో ఊపిరి తీయడం అన్నీ అలవాటవుతాయి. ఆలస్యంగా చేరినవాడికి ఏదీ అలవాటు కాదు. అందులోనూ ఇతను వేలమంది జనం మధ్య, ఎండలో, గడ్డి మీద పరుగెత్తినవాడు. వెలుతురు లేని చోట ఎలా పనిచేశాడో!

అతని పక్కన తట్ట మోసినవాళ్లలో ఒక్కరికైనా తెలిసి ఉంటుందా, ఈయన ఇంగ్లండ్ మీద గోలు కొట్టినవాడని?

---

విశ్రాంత హవల్దార్ రాశారు:

తెలిసే ఉంటుందమ్మా. షెఫీల్డ్ ఫుట్‌బాల్ ఊరు. గని కార్మికులకు ఆటగాళ్ల పేర్లు కంఠతా వచ్చేవి. అతను చెప్పకపోయినా ఎవరో ఒకరు గుర్తుపట్టి ఉంటారు. అలా అనుకోవడమే నాకు ఇష్టం.

కాలరేఖ గారిని ఒకటి అడగాలి. రేనాల్డ్స్ ఇంగ్లండ్ చొక్కాతో ఎప్పుడైనా ఐర్లండ్ మీద ఆడాడా? నేను మా రాష్ట్రం మీద ఆడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అతనికి కూడా అలాంటి రోజు వచ్చిందా అని తెలుసుకోవాలని ఉంది.

---

కాలరేఖ రాశారు:

వచ్చింది, హవల్దార్ గారూ. ఒక్కసారే. దాని గురించి చివర్లో రాయాలనే దాచుకున్నాను.

ముందు ఒక పేరు చెప్పాలి. ఆల్ఫర్ట్ స్టాన్‌ఫీల్డ్. అందరూ ఓలీ అనేవారు. బెల్‌ఫాస్ట్ డిస్టిలరీ ఫార్వర్డ్, అంటే రేనాల్డ్స్ ఐర్లండ్‌లో ఆడిన మొదటి క్లబ్బు ఆటగాడే. 1887 నుంచి పదేళ్లలో ఐర్లండ్‌కు ముప్ఫై మ్యాచ్‌లు ఆడాడు. 1891 ఫిబ్రవరి 7న బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ 7-2తో వేల్స్‌ను ఓడించినప్పుడు నాలుగు గోల్స్ స్టాన్‌ఫీల్డ్‌వే. ఆ రోజు అదే జట్టులో, అదే నీలం చొక్కాలో రేనాల్డ్స్ కూడా ఉన్నాడు. అప్పట్లో ఐర్లండ్ రంగు ఆకుపచ్చ కాదు, నీలం. అతను ఐర్లండ్‌కు ఆడిన ఐదు మ్యాచ్‌లలో గెలిచింది ఆ ఒక్కటే.

మూడేళ్లు గడిచాయి. 1894 మార్చి 3న ఇంగ్లండ్ జట్టు బెల్‌ఫాస్ట్ వచ్చింది. మైదానం పేరు సాలిట్యూడ్. తెల్ల చొక్కాతో రైట్ హాఫ్‌గా రేనాల్డ్స్. అవతల ఫార్వర్డ్‌లలో స్టాన్‌ఫీల్డ్. అప్పటికి ఐర్లండ్ ఇంగ్లండ్‌తో పన్నెండు మ్యాచ్‌లు ఆడింది. పన్నెండూ ఓడింది. ఆస్టన్ వీధి గారు చెప్పిన 13-0 మొదటిది. రేనాల్డ్స్ స్వయంగా ఓడిన రెండు మ్యాచ్‌లు, 9-1, 6-1, ఆ పన్నెండులోవే.

ఆ రోజు కూడా ఇంగ్లండ్ 2-0తో ముందుకు వెళ్లింది. పదమూడో ఓటమి ఖాయమని మైదానంలో అందరూ అనుకుని ఉంటారు.

---

ఎడమ పాదం రాశారు:

ఆపకండి కాలరేఖ గారూ. తర్వాత?

---

కాలరేఖ రాశారు:

స్టాన్‌ఫీల్డ్ ఒక గోలు కొట్టాడు. ఆట ముగుస్తుందనగా గిబ్సన్ రెండోది కొట్టాడు. 2-2. ఇంగ్లండ్ చేతిలో ఓడకుండా ఐర్లండ్ మైదానం దాటిన మొదటి రోజు అది.

రేనాల్డ్స్ ఆ రోజు ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు.

---

ఎడమ పాదం రాశారు:

బెల్‌ఫాస్ట్ ప్రేక్షకుడి బాధ గురించి నేను రెండుసార్లు రాశాను. ఆ మార్చి మూడున అతను ఇంటికి ఎలా వెళ్లి ఉంటాడో ఇప్పుడు తెలిసింది. పాత స్నేహితుడిని మైదానంలో చూశాడు, తన జట్టు ఓడకపోవడమూ చూశాడు.

హవల్దార్ గారూ, మీ మ్యాచ్‌లో ఫలితం ఏమైందో మీరు చెప్పలేదు.

---

విశ్రాంత హవల్దార్ రాశారు:

మేమూ సమంగానే ఆడాం బాబూ. ఒకటి, ఒకటి. వాళ్ల గోలు మా పక్క మండలం కుర్రవాడిదే.